వారియర్ మొదటి పాయింట్లు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో నా వారియర్ (యోధుడి పాత్ర) 10వ లెవెల్‌కు చేరింది. ఎక్కువగా ఒంటరిగానే ఆడతాను, అప్పుడప్పుడు మిత్రులతో డంజన్లకు (శత్రువులుండే కోటలు, గుహల వంటి చోట్లకు) వెళ్లి ట్యాంక్‌గా, అంటే శత్రువుల దెబ్బలను నా మీదికి తీసుకునేవాడిగా, ఉంటాను. టాలెంట్లను (పాయింట్లు పెట్టి పొందే నైపుణ్యాలను) రక్షణ విభాగమైన ప్రొటెక్షన్‌తో మొదలుపెట్టవచ్చునా?

జవాబు: వద్దనే చెబుతాను. 10వ లెవెల్ నుంచి లెవెల్‌కు ఒకటి చొప్పున 60వ లెవెల్ నాటికి మీకు దక్కేవి 51 పాయింట్లే కాబట్టి, మీ సమయంలో ఎక్కువ భాగం ఏ తరహా ఆటకు పోతుందో దానికే వాటిని ముందుగా వెచ్చించాలి; ఒంటరి పోరులో ప్రొటెక్షన్ వారియర్ నిలదొక్కుకోగలడు గానీ, శత్రువును పడగొట్టడానికి చాలాసేపు పడుతుంది. ఆయుధ దాడుల విభాగమైన ఆర్మ్స్‌తో ప్రారంభించండి. అందులో నేను అన్నిటికన్నా గట్టిగా సిఫారసు చేసేది, పైకి అంత ఆకర్షణీయంగా కనిపించని టాక్టికల్ మాస్టరీ. మామూలుగా స్టాన్స్ (పోరాట భంగిమ) మార్చగానే కూడబెట్టిన రేజ్ (దాడులకు ఖర్చయ్యే శక్తి) అంతా పోతుంది; ఇందులో 5 పాయింట్లు పెడితే 25 వరకు మిగులుతుంది. అప్పుడు శత్రువు మీ మిత్రుడి మీదికి మళ్లినా, డిఫెన్సివ్ స్టాన్స్‌లోకి మారి, టాంట్ చేసి (శత్రువును మీవైపు తిప్పుకొని), మిగిలిన రేజ్‌తో వెంటనే శత్రువు కవచాన్ని బలహీనపరిచే సండర్ ఆర్మర్ వేయగలుగుతారు. 31వ పాయింటు 40వ లెవెల్‌లో అందుతుంది, దానిని మోర్టల్ స్ట్రైక్ అనే బలమైన దాడికి కేటాయించండి.

ట్యాంక్ పని గురించి దిగులు అక్కరలేదు. లెవెళ్లు పెరిగే దశలోని డంజన్లకు మంచి డాలు, డిఫెన్సివ్ స్టాన్స్, మీ అప్రమత్తత చాలును. 60కి చేరాక రెయిడ్లలో (పెద్ద బృందంతో చేసే పోరాటాల్లో) ప్రధాన ట్యాంక్ కావాలనుకుంటే అప్పుడు ట్రైనర్ దగ్గర పాయింట్లను వెనక్కి తీసుకోవచ్చు. అయితే రుసుము మొదట 1 గోల్డ్, తరువాత 5, ఆపైన ఐదేసి పెరుగుతూ 50 వరకు వెళుతుంది కనుక, తరచుగా మార్చకండి.