ఎంత దూరంలో నిలబడి చెబుతున్నావు?

అమ్మాయీ,

నీ ఉత్తరం, నీ వారం రోజుల చదువు పట్టిక, రెండు చిత్తుప్రతులు అన్నీ అందాయి. ముందు పట్టికే చదివాను. ఎవరి సంగతైనా వాళ్ల రాతల కన్నా, చదివిన పుస్తకం పక్కన వాళ్లు గీసుకున్న రెండు ముక్కల్లో త్వరగా తెలిసిపోతుంది. వారంలో ఆరు పుస్తకాలు, అయిదు వ్యాఖ్యలు. మూడు కోజీ మిస్టరీలు, అంటే హత్య జరిగినా నెత్తురు కళ్లబడకుండా చిన్న ఊళ్లలో హాయిగా సాగే అపరాధ పరిశోధక కథలు; మూడు టీనేజ్ నవలలు. ఒకదాని పక్కన "హాయిగా ఉంది" అని, ఇంకోదాని పక్కన "ఏడిపించింది" అని, మరోదాని పక్కన "హంతకుడెవరో సగంలోనే తెలిసిపోయింది" అని రాశావు. నీ వయసులో నేనూ ఇలాగే లెక్కపెట్టి చదివేవాణ్ని. ఏడాది తిరిగేసరికి నా దగ్గర బారెడు జాబితా ఉండేది. అందులో సగం పుస్తకాల కథ అడిగితే నీళ్లు నమిలేవాణ్ని.

పాఠకురాలికి ఆ వ్యాఖ్యలు చాలు. రాయాలనుకునే మనిషికి చాలవు. "హాయిగా ఉంది" అన్నావు సరే, ఏ పేజీ దగ్గర హాయి మొదలైంది? తిరిగి తీసి చూడు. శవం దొరికిన తర్వాతే మొదలై ఉంటుందని నా పందెం. అంతకు ముందున్న నలభై పేజీల్లో తోటలూ పిల్లులూ పాత పుస్తకాల వాసనా ఎన్ని ఉన్నా, మనం ఆవులిస్తూనే ఉంటాం. ఒక మనిషి చచ్చాక అవే తోటలు, అవే పిల్లులు హఠాత్తుగా ముద్దొస్తాయి. ఎందుకంటే ఇప్పుడవి పోయే ప్రమాదం వచ్చింది. హంతకుడు సగంలోనే తెలిసిపోయినా ఆ మూడో పుస్తకాన్ని నువ్వు చివరిదాకా చదివావు, గమనించావా? చిక్కుముడి విప్పడం కోసమే అయితే అక్కడే మూసేసేదానివి. ఊరు మళ్లీ కుదుటపడటం కళ్లారా చూడాలని చదివావు.

ఇక నీ చిత్తుప్రతులు. రెండూ చదివాక నాకు ఒకే తప్పు కనిపించింది, అదీ రెండు చోట్లా తలకిందులుగా. కోజీ కథలో దూరంగా నిలబడాల్సిన చోట మీద పడి చూశావు. టీనేజ్ కథలో మీద పడి చూడాల్సిన చోట దూరంగా వెళ్లి కూర్చున్నావు. కథ చెప్పేవాళ్లు నొప్పికి ఎంత దూరంలో నిలబడ్డారన్నదే ఈ రెండు రకాల రచనలకూ ఆయువుపట్టు. ఒకే వారంలో రెండూ కలిపి చదివావు కదా, ఆ దూరాలు నీ చేతిలో ఒకదానిలోకి ఒకటి జారిపోయాయి.

ముందు కోజీ కథ. సోమవారం పొద్దున గ్రంథాలయం తలుపు తీసేసరికి లైబ్రేరియన్ కుర్చీలో చచ్చిపడి ఉన్నాడు. బాగుంది. ఆ తర్వాత మూడు పేరాలు గాయం, నెత్తురు, తెరిచిన కళ్లు. ఎందుకమ్మా? అమెరికాలో మాలిస్ డొమెస్టిక్ అనే సంస్థ 1989 నుంచి ఈ తరహా నవలలకు అగాథా పేరుతో పురస్కారాలిస్తోంది. పచ్చి శృంగారం, మితిమీరిన రక్తపాతం, అనవసరమైన హింస లేని రచనలు కావాలన్నది వాళ్ల షరతు. చావు ఉండకూడదని మాత్రం వాళ్లు అనలేదు, చూశావా. హత్య ఉండాలి, అది మన ఒళ్లో పడకూడదు.

అలాగని రచయితకు ఆ చావు గురించి తెలియనక్కర్లేదని కాదు. ఆ పురస్కారం ఎవరి పేరు మీద ఉందో ఆ అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది. ఏ విషం ఎంత మోతాదులో మనిషిని ఏం చేస్తుందో ఆమెకు పనిలో భాగంగా తెలుసు. అంత తెలిసిన మనిషి చాలా నవలల్లో చావును గుమ్మం అవతలే ఉంచి, దాని తాలూకు చిన్న గుర్తొకటి మాత్రం గదిలోకి తెచ్చింది. నువ్వు దాచిపెట్టేది నీకు పూర్తిగా తెలిసి ఉండాలి. తెలియకుండా దాచేది ఏదీ ఉండదు కదా, అక్కడ ఖాళీ ఉంటుంది, పాఠకులు దాన్ని ఇట్టే పసిగడతారు.

నీ కథలోనే అలాంటి గుర్తు ఒకటి మెరుస్తూ ఉంది. చివరి అధ్యాయంలో నీ కథానాయిక అందర్నీ కూర్చోబెట్టి రహస్యం విప్పుతూ, "బల్ల మీది తేదీ ముద్ర సోమవారానికి తిప్పి ఉంది. కానీ పక్కనే మూత తీసి ఉన్న సిరాదిమ్మ ఎండిపోయింది" అంటుంది. అంటే లైబ్రేరియన్ శనివారమే పోయాడు, ముద్ర మీద తేదీని ఇంకెవరో మార్చారు. ఇది చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. వెంటనే ఒళ్లు మండింది కూడా. ఎందుకంటే ఆ ముద్రను గానీ సిరాదిమ్మను గానీ అప్పటిదాకా నాకు చూపించనే లేదు! 1929లో రోనల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు మతగురువు అపరాధ పరిశోధక కథలకు పది నియమాలు రాశాడు. పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని అప్పటికప్పుడే పాఠకుడి ముందూ పెట్టాలన్నది వాటిలో ఒకటి. మిగతా తొమ్మిదింటిలో కొన్ని ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది, ఒకటి సిగ్గుపడేలా ఉంటుంది. ఇది మాత్రం నిలబడింది.

కాబట్టి ఆ నెత్తుటి పేరాలు మూడూ తీసేసి, వాటి స్థానంలో బల్లను చూపించు. కళ్లద్దాలు, బోర్లించిన పుస్తకం, సోమవారం తేదీకి తిప్పి ఉన్న ముద్ర, మూత తీసిన సిరాదిమ్మ, దాని మీద పొడిగా పగుళ్లు, మడిచిన గొడుగు. వరుస మధ్యలో పెట్టినది కళ్లబడుతుంది గానీ మనసులో నిలవదు. గొడుగు అనగానే నీ పిల్లి బల్ల మీదకు దూకాలి, ఎవరో కెవ్వుమనాలి. పాఠకులు పిల్లి వెంట పోతారు. చివర్లో రహస్యం విప్పినప్పుడు వెనక్కి వచ్చి, "అరె, నా కళ్ల ముందే ఉందే" అని నొచ్చుకుంటారు. ఆ నొచ్చుకోవడం కోసమే వాళ్లు నీ రెండో పుస్తకం కొంటారు.

నీ హతుడు ఊరందరికీ కిట్టనివాడు. ఇది కోజీ నవలల పాత అలవాటే. అందరికీ కోపం ఉంటే అనుమానితులు పెరుగుతారు, ఎవరూ ఏడవరు గనుక కథ బరువెక్కదు. నాకు మాత్రం ఈ సౌకర్యం ఎప్పుడూ గొంతులో ముల్లే. ఎంత చెడ్డవాడికైనా ఒక్కరైనా ఏడ్చేవాళ్లు ఉండాలి. ఆలస్యమైన పుస్తకానికి జరిమానా వేయకుండా చూసీ చూడనట్టు వదిలేసినందుకు ఒక కుర్రవాడు ఆ రోజంతా గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని ఉంటే చాలు. ఒక్క వాక్యం. దాని గురించి మళ్లీ మాట్లాడకు.

ఇంకొకటి. నీ కథానాయిక ఎవరింటికి వెళ్లినా తలుపులు తెరిచి లోపలి సంగతులన్నీ చెప్పేస్తారు. పోలీసు కాని మనిషికి ఎందుకు చెప్పాలి? క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ 1927లో ఒక పత్రిక కథలో తొలిసారి కనిపించింది, 1930లో నవలలోకి వచ్చింది. అల్లికపని చేసుకునే ముసలావిడ. ఆమె ముందు జనం నోరు జారతారు, ఆమెను ఎవరూ లెక్కచేయరు గనుక. లెక్కలోకి రాకపోవడమే ఆమె ఆయుధం. కొత్తగా ఎవరు ఎదురైనా తన పల్లెలో అలాంటి మనిషి ఒకరు ఆమెకు గుర్తొస్తారు, ఆ పోలికతోనే కూపీ లాగుతుంది. నీ అమ్మాయికి పదునైన తెలివి ఇచ్చావు, అందమిచ్చావు, చకచకా మాట్లాడే నోరిచ్చావు. ఇలాంటి మనిషి ముందు నేనైతే నా గుట్టు విప్పను.

ఇప్పుడు రెండో కథ. పదిహేనేళ్ల అమ్మాయి. ప్రాణస్నేహితురాలు ఒక రోజు ఏమీ చెప్పకుండా వెళ్లి వేరే బెంచీలో కూర్చుంటుంది. అక్కడ నువ్వు రాశావు: "జీవితంలో స్నేహాలు వస్తుంటాయి, పోతుంటాయి అని ఆమెకు అప్పుడు తెలియదు." ఆ వాక్యం నాలాంటివాడిది. నలభై దాటినవాడు మేడ మీద నుంచి కిందికి చూస్తూ అనే మాట. ఆ పిల్లకు తెలియనిది నీకు తెలుసని చాటుకోవడం తప్ప దాని వల్ల ఒరిగిందేమీ లేదు. కొట్టెయ్.

దాని కింది పేరాలోనే నువ్వు వెన్నులో వణుకు పుట్టించావు. క్రితం రోజు అరువిచ్చిన వృత్తలేఖిని ఇంకా ఆ స్నేహితురాలి పెట్టెలోనే ఉండిపోయింది. లెక్కల పరీక్ష ఉంది. వెళ్లి అడిగితే మాట్లాడినట్టవుతుంది, అడగకపోతే వృత్తం గీయలేదు. చివరికి ఆ పిల్ల నాణెం చుట్టూ పెన్సిలు తిప్పి వృత్తం గీస్తుంది, వ్యాసార్థం తప్పని తెలిసీ. ఇది రాసిన చెయ్యే పైవాక్యమూ రాసిందంటే నమ్మలేకపోయాను. నాణెం దగ్గర నువ్వు ఆ పిల్ల పక్కన కూడా లేవు, ఆ పిల్ల వేళ్లలో ఉన్నావు.

ఎస్. ఇ. హింటన్ 'ది అవుట్‌సైడర్స్' రాయడం మొదలుపెట్టినప్పుడు ఆమెకు పదిహేనేళ్లు. అది 1967లో అచ్చయ్యేనాటికి పద్దెనిమిది. టీనేజ్ సాహిత్యం అని మనం ఇప్పుడు పిలిచేదానికి దారి వేసిన పుస్తకాల్లో దాన్ని ముందు చెబుతారు. ఆమెకు వెనక్కి తిరిగి చూడటానికి చోటే లేదు, ఉన్నది ఉన్న చోటి నుంచే రాసింది. మనం ఆ వయసు దాటేశాం కాబట్టి ఆ అనుకూలత మనకు లేదు. కష్టపడి సంపాదించుకోవాలి. వర్తమాన కాలంలో, "నేను" అంటూ రాస్తే దగ్గరైపోతామని చాలామంది అనుకుంటారు. "నేను నడుస్తున్నాను, నా గుండె కొట్టుకుంటోంది" అని రాస్తూనే మేడ మీద నుంచి దిగనివాళ్లను ఎంతమందినో చదివాను. క్రియాపదం మార్చినంత మాత్రాన మనిషి కదలడు.

నా భాగోతం ఒకటి చెబుతాను. పిల్లల కోసం నేను రాసిన మొదటి నవల చివర్లో ఒక పేజీ నిండా హితబోధ ఉండేది. అప్పట్లో దాని మీద నాకు చాలా మురిపెం. ఒక సభలో పదమూడేళ్ల అమ్మాయి లేచి, "చివరి పేజీ మా అమ్మ కోసం రాశారా?" అని అడిగింది. వెటకారం ఏమీ లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఇంటికి వెళ్లాక నా ప్రతిలో ఆ పేజీ చింపేశాను. ఆ పేజీ లేకుండా నవల ఇంకాస్త నిటారుగా నిలబడింది.

పెద్దవాళ్ల సంగతి వచ్చింది గనుక: నీ కథలో తల్లీ తండ్రీ ఇద్దర్నీ మొదటి పేజీలోనే ప్రమాదంలో చంపేశావు. టీనేజ్ నవలల్లో తల్లిదండ్రులు చచ్చినంత విరివిగా కోజీ నవలల్లో హతులు కూడా చావరు. అడ్డు తొలగించుకోవడానికే అని అందరికీ తెలుస్తుంది. వాళ్లను బతకనివ్వు. ఇంట్లోనే ఉండి, ప్రేమగానే ఉండి, ఈ బెంచీ గొడవ గురించి ఒక్క ముక్క తెలియని తల్లి ఎంత పెద్ద ఒంటరితనమో ఆలోచించు.

వచ్చే వారం ఆరు చదవకు. ఒకటే చదువు, రెండుసార్లు. కోజీ నవలైతే ముగింపు తెలిశాక రెండోసారి వెళ్లు. ప్రతి ఆధారం పక్కన పెన్సిలుతో చుక్క పెట్టి, ఆ చుక్క తర్వాతి వాక్యంలో రచయిత నీ చూపును ఎటు తిప్పారో రాసుకో. టీనేజ్ నవలైతే ఆ వయసు పిల్లకు తెలిసే వీలు లేని వాక్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. మంచి పుస్తకంలోనూ నాలుగైదు దొరుకుతాయి, బెంగపడకు. "ఏడిపించింది" అని రాసిన దాన్నీ ఒకసారి తిరగెయ్. నీకు ఏడుపు వచ్చిన వాక్యంలో పాత్ర ఏడుస్తోందా? బహుశా ఏ చెప్పులో సర్దుతూ ఉంటుంది. ఇంకా, మిగిలిన పేజీలు ఎన్ని ఉన్నాయోనని వేలితో తిప్పి చూసుకున్న చోట్లు కూడా గుర్తుపెట్టుకో. విమర్శకులు రాయరు గానీ, రాసేవాళ్లకు అంతకన్నా నిక్కచ్చి సమీక్ష దొరకదు.

చిత్తుప్రతులు తిప్పి పంపుతున్నాను, ఎర్ర సిరా చూసి గాభరా పడకు. నాణెం ఉన్న పేజీ మీద గీత ఒక్కటీ లేదు.

అసలు అడగాల్సింది మరిచాను. పట్టికలో ఆరో పుస్తకం పేరు రాసి, పక్కన ఏమీ రాయకుండా వదిలేశావు. పెన్ను ఆనించి ఎత్తేసిన చుక్క మాత్రం ఉంది, సిరా కొంచెం పాకింది కూడా. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నట్టున్నావు. మిగతా అయిదింటి సంగతి ఎలా ఉన్నా, దాని గురించి నాకు రాయి. వ్యాఖ్య వద్దు, ఆ కాసేపట్లో ఏం గుర్తొచ్చిందో అది రాయి.

ఆశీస్సులతో.