ఆర్బిట్రేషన్‌కు సంతకం పెట్టాక రాష్ట్ర చట్టం కాపాడుతుందా?

ప్రశ్న: మావాడు కాలిఫోర్నియాలో ఉన్నాడు. ఫోన్ ఉచితమని చెప్పి, పన్ను పేరుతో కంపెనీ వాళ్ళు డబ్బు లాగారు. అడిగితే ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (గొడవను కోర్టు బదులు ఓ మధ్యవర్తి తేల్చే పద్ధతి) ఉంది, కోర్టుకు పోకూడదు, పదిమందితో కలిసి కూడా అడగకూడదు అన్నారట. అలాంటి షరతు ఆ రాష్ట్రంలో చెల్లదని వాడి రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: రూమ్మేట్ చెప్పేది ఒకప్పటి మాట. అక్కడి రాష్ట్ర సుప్రీంకోర్టు 2005లో, చిన్న మొత్తాల మోసాల్లో ఉమ్మడి కేసు వేయనివ్వని షరతులు చాలావరకు చెల్లవంది. అయితే అచ్చం మీవాడిలాగే ఉచిత ఫోనుకు 30.22 డాలర్ల పన్ను కట్టిన ఒక జంట కేసు వాషింగ్టన్ దాకా పోయి, 2011లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ రాష్ట్ర నియమాన్ని కొట్టేసింది. ముప్పై డాలర్ల కోసం ఒంటరిగా ఏ పిచ్చివాడు కొట్లాడతాడండీ? కంపెనీలకు కావలసిందీ అదే!

దీనికంతటికీ మూలం 1925 నాటి అమెరికా కేంద్ర ఆర్బిట్రేషన్ చట్టం. అన్ని ఒప్పందాలకూ వర్తించే కారణాలతో, అంటే మోసం, బెదిరింపు లాంటివాటితో, ఆర్బిట్రేషన్ షరతును రాష్ట్ర చట్టం ప్రకారం కొట్టేయవచ్చు. ఆర్బిట్రేషన్‌కు మాత్రమే అడ్డం పడే నియమం పెడితే కేంద్ర చట్టమే గెలుస్తుంది. ఆ షరతు ఉన్నట్టు మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో, కింద గీత గీసి చెప్పాలని మోంటానా రాష్ట్రం అంటే, అదీ 1996లో అదే సుప్రీంకోర్టులో పోయింది. పెద్దక్షరాల్లో రాయమంటే కూడా తప్పేనా అని నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

మీవాడు ఒప్పందం మళ్ళీ చదివి, చిన్న మొత్తాల కోర్టుకు వెళ్ళే వెసులుబాటు ఉందేమో చూసుకోవాలి, చాలా వాటిలో ఉంటుంది. ఆర్బిట్రేషన్ వద్దని రాసివ్వడానికి గడువేమన్నా ఇచ్చారా అన్నదీ చూడమనండి.

అదే మీరు ప్రొద్దుటూరులో కొన్న ఫోనైతే ఇంత టెన్షన్ ఉండేది కాదు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ అని రాసున్నా కొన్నవాడు వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చని మన సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ కేసులో తేల్చింది. మీరుండే జిల్లాలోనే, అంటే కడపలోనే ఫిర్యాదు చేయవచ్చు, కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.