పాఠకుల ప్రశ్నలు: ఒకే రూబుల్ నుంచి విడిపోయిన పదిహేను దేశాలు

ప్రశ్న: మా తరం వాళ్లం మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చదివి పెరిగాం. అందుకే ఆ దేశాల గురించి వార్త కనబడితే వదలకుండా చదువుతాను. 1991లో సోవియట్ యూనియన్‌లోని పదిహేను రిపబ్లిక్కులు ఒకేసారి విడిపోయాయి. ఉక్రెయిన్‌కు నల్లరేగడి నేల, బొగ్గు, ఉక్కు, చదువుకున్న జనం, అన్నీ ఉన్నాయి. ఎస్టోనియాకు చెప్పుకోదగ్గ ఖనిజ సంపద కూడా లేదు. అయినా ఎస్టోనియా ముందుకు పోయింది, ఉక్రెయిన్ వెనకబడింది. దీనికి యుద్ధమే కారణమా?
– విశ్రాంత అధ్యాపకుడు, ఒంగోలు

జవాబు: యుద్ధం ఉక్రెయిన్‌ను ఎంతగా దెబ్బతీసిందో చెప్పడానికి 2022 ఒక్క సంవత్సరమే చాలు. ఆ ఏడాది ఆ దేశ ఉత్పత్తి దాదాపు 29 శాతం పడిపోయింది. కానీ మీరు అడిగిన తేడా అంతకు చాలా ముందే ఏర్పడింది. క్రిమియా చేజారడానికి ముందు ఏడాది, అంటే 2013లోనే, ఎస్టోనియా తలసరి ఆదాయం సుమారు 19 వేల డాలర్లు ఉంటే ఉక్రెయిన్‌ది 4 వేల డాలర్ల దగ్గర ఉంది. కాబట్టి కారణాన్ని 1990ల మొదటి సంవత్సరాల్లోనే వెతకాలి.

రిపబ్లిక్కులన్నీ ఒకే స్థితిలో బయలుదేరాయన్న మాటను కొంత సవరించుకోవాలి. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా అనే బాల్టిక్ దేశాలు మూడూ 1940లో సోవియట్ యూనియన్‌లో కలపబడినవి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో తమకంటూ సొంత ప్రభుత్వం, సొంత నాణెం, సొంత బ్యాంకులు ఉండేవని అక్కడి పెద్దలకు గుర్తుంది. సోవియట్ కాలంలోనూ వాటి జీవన ప్రమాణం సగటు కంటే పైనే ఉండేది. తజికిస్థాన్ వంటి మధ్య ఆసియా రిపబ్లిక్కులు మాత్రం తమ బడ్జెట్‌లో పెద్ద భాగానికి మాస్కో పంపే నిధుల మీద ఆధారపడేవి. ఈ తేడాలు నిజమే గాని, ఎస్టోనియా, ఉక్రెయిన్‌ల మధ్య అగాధానికి ఇవి మాత్రమే చాలవు. అసలు సంగతి డబ్బు దగ్గర ఉంది.

1992 మొదట్లో సోవియట్ యూనియన్ లేదు, రూబుల్ మాత్రం ఉంది. నోట్లు అచ్చువేసే యంత్రాలు రష్యా చేతిలో ఉన్నాయి. అయితే ప్రతి కొత్త దేశంలోని కేంద్ర బ్యాంకూ తన ఫ్యాక్టరీలకు, సామూహిక వ్యవసాయ క్షేత్రాలకు రూబుళ్లలోనే అప్పులు ఇవ్వగలిగేది. అన్నదమ్ములందరూ ఎవరికి తోచినట్టు వాళ్లు ఖర్చు చేస్తూ అప్పు మాత్రం ఉమ్మడి పద్దులో రాయించే కుటుంబం ఎలా ఉంటుందో, ఆ రూబుల్ ప్రాంతం అలాగే ఉండేది. ఎక్కువ అప్పు సృష్టించిన దేశానికి పొరుగువారి సరుకు దక్కుతుంది, దాని వల్ల పెరిగే ధరల బరువు మాత్రం అందరి మీదా పడుతుంది. ఇలాంటి ఏర్పాటులో పొదుపుగా ఉన్నవాడే నష్టపోతాడు.

ఎస్టోనియా అందులోంచి అందరికంటే ముందు బయటపడింది. 1992 జూన్ 20న క్రూన్ అనే సొంత నాణేన్ని తెచ్చింది. ఒక్కో నివాసి 1500 రూబుళ్ల వరకు, పది రూబుళ్లకు ఒక క్రూన్ చొప్పున మార్చుకోవచ్చు. అంటే వరసలో నిలబడి వచ్చిన మనిషి చేతికి 150 క్రూన్లు అందేవి. ఎనిమిది క్రూన్లు ఒక జర్మన్ మార్క్‌కు సమానమని నిర్ణయించి, విదేశీ నిల్వల అండ లేకుండా కొత్త నోటు అచ్చువేయకూడదని కేంద్ర బ్యాంకును కట్టడి చేశారు. ఈ ఒక్క నిబంధన వల్ల ఎన్నో పనులు జరిగాయి. ప్రభుత్వం లోటు పూడ్చుకోవడానికి కేంద్ర బ్యాంకును అడగలేదు. నష్టాల్లో నడిచే ఫ్యాక్టరీ యజమాని మంత్రి ద్వారా అప్పు తెచ్చుకోలేడు. ఆ ఏడాది చివర్లో టార్టు కమర్షియల్ బ్యాంకు దివాలా తీస్తే దాన్ని కాపాడకుండా మూసేశారు. డిపాజిటర్లు నష్టపోయారు, నిరుద్యోగం పెరిగింది, పింఛన్లతో బతికే ముసలివాళ్లు నిజంగా బాధలు పడ్డారు. కానీ ఆ నాణెం మీద నమ్మకం నిలిచింది. 2011లో యూరోలో చేరేవరకు దాని విలువను ఒక్కసారి కూడా తగ్గించలేదు.

ఉక్రెయిన్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. కర్బోవానెత్స్ అనే తాత్కాలిక నోట్లు తెచ్చి, కేంద్ర బ్యాంకు నుంచి పరిశ్రమలకూ సామూహిక క్షేత్రాలకూ అప్పులు కుమ్మరించారు. 1993లో ద్రవ్యోల్బణం 10 వేల శాతం దాటింది. ప్రజలు జీవితాంతం పొదుపు బ్యాంకులో దాచుకున్న సొమ్ము దేనికీ కొరగాకుండా పోయింది. 1996 సెప్టెంబరులో హ్రివ్నియా వచ్చినప్పుడు లక్ష కర్బోవానెత్సులకు ఒక్క హ్రివ్నియా ఇచ్చారు. ఇలాంటి ద్రవ్యోల్బణంలో అప్పు పుట్టించుకోగలిగినవాడే ధనవంతుడు, ఎందుకంటే ఆరు నెలల తర్వాత అతడు తిరిగి కట్టేది చిత్తుకాగితం. లోహాన్ని ప్రభుత్వం నిర్ణయించిన చవక ధరకు కొని, ఎగుమతి లైసెన్సు సంపాదించి, ప్రపంచ మార్కెట్ ధరకు అమ్మినవాడు ఇంకా పెద్ద ధనవంతుడు. ఆ విధంగా పైకి వచ్చిన వర్గానికి పాత వ్యవస్థ తిరిగి రావడమూ ఇష్టం లేదు, సంస్కరణ పూర్తి కావడమూ ఇష్టం లేదు. సగంలో ఆగిన సంస్కరణే వాళ్ల ఆదాయ మార్గం. ఉక్రెయిన్ మీద వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదేనని నా నమ్మకం: ఎంత వేగంగా మారిందని కాదు, మారకుండా ఆగిన చోట ఎవరు లాభపడ్డారని.

దీనికి ఒక వేలం పాట చక్కటి సాక్ష్యం. క్రివీ రిహ్ నగరంలోని క్రివోరిజ్‌స్తాల్ ఆ దేశపు అతి పెద్ద ఉక్కు కర్మాగారం. 2004లో దాన్ని సుమారు 80 కోట్ల డాలర్లకు ఒక బృందానికి అమ్మారు. అందులో ఒకరు అప్పటి అధ్యక్షుడు కుచ్మా అల్లుడు విక్టర్ పించుక్, మరొకరు దొనెట్స్క్ పారిశ్రామికవేత్త రినాత్ అఖ్మెతోవ్. అంతకంటే ఎక్కువ ఇస్తామన్న విదేశీ సంస్థలను పోటీలోకే రానివ్వలేదు. 2004 చివర్లో ఎన్నికల మోసానికి వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చిన నారింజ విప్లవం తర్వాత ఏర్పడిన ప్రభుత్వం ఆ అమ్మకాన్ని రద్దు చేయించి, 2005 అక్టోబరులో టీవీలో అందరూ చూస్తుండగా మళ్లీ వేలం వేసింది. లక్ష్మీ మిత్తల్ సంస్థ సుమారు 480 కోట్ల డాలర్లకు దాన్ని దక్కించుకుంది. అదే కర్మాగారం, అవే కొలుములు, ఏడాదిన్నర లోపల ఆరు రెట్ల ధర. ఈ రెండు ధరల మధ్య ఉన్న 400 కోట్ల డాలర్లు ఎవరివి? టీవీలో అందరూ చూసే వేలం జరగని మిగిలిన అమ్మకాల్లో ప్రజలకు రావలసినది ఎంత పోయిందో ఊహించుకోవచ్చు.

మీరు ప్రస్తావించిన నల్ల నేల సంగతి కూడా అటువంటిదే. 2001లో వ్యవసాయ భూమి అమ్మకంపై విధించిన నిషేధం 2021 జూలై దాకా కొనసాగింది. పేరుకు రైతు యజమానే, అయినా ఆ భూమిని అమ్మలేడు, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోలేడు. పెద్ద కంపెనీలు చవకగా కౌలుకు తీసుకొని వేల హెక్టార్లు సాగు చేశాయి.

బాల్టిక్ దేశాలకు 2004లో దక్కిన యూరోపియన్ యూనియన్ సభ్యత్వం, దానికోసం ముందే చేసుకున్న చట్టాలు, స్వీడన్, ఫిన్లాండ్‌ల పెట్టుబడులు ఎంతో తోడ్పడ్డాయి. వాటికి చెల్లించిన మూల్యమూ చిన్నది కాదు. 2009లో ఆ మూడు దేశాల ఆర్థిక వ్యవస్థలూ ఒక్క ఏడాదిలోనే సుమారు 14 శాతం చొప్పున కుంచించుకుపోయాయి. 1989లో లాత్వియా జనాభా దాదాపు 27 లక్షలు, ఇప్పుడు 19 లక్షల లోపే. పడుచువాళ్లు ఐర్లండ్‌కో బ్రిటన్‌కో వెళ్లిపోయాక మిగిలినవారితో భాగించి తీసిన తలసరి ఆదాయాన్ని చూసేటప్పుడు ఈ లెక్కను మనసులో ఉంచుకోవాలి.

ప్రశ్న: రష్యాలో ఒక్కసారిగా ధరలు వదిలేసి, ఆస్తులు అమ్మేసి దేశాన్ని ముంచారని అంటారు. ఉజ్బెకిస్థాన్, బెలారస్ నెమ్మదిగా కదిలి తక్కువ నష్టపోయాయని చదివాను. అయితే నెమ్మదిగా పోవడమే సరైన దారి అని చెప్పవచ్చా?
– పరిశోధక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: 2000 వరకు లెక్కలు తీస్తే మీరు చదివింది నిజమే. 1990 నుంచి 1998 వరకు రష్యా ఉత్పత్తి సుమారు 40 శాతం తగ్గింది, ఉజ్బెకిస్థాన్‌ది 20 శాతం కూడా తగ్గలేదు. రష్యాలో జరిగిన నష్టం అంకెలకు అందేది కాదు. 1990లో 64 ఏళ్ల దగ్గర ఉన్న పురుషుల సగటు ఆయుర్దాయం 1994 నాటికి 58 కంటే దిగువకు పడింది. శాంతికాలంలో, చదువుకున్న సమాజంలో ఇంతమంది మగవాళ్లు అకాలంగా చనిపోవడాన్ని ఏ సిద్ధాంతంతోనూ సమర్థించలేం.

అయితే రష్యాలో జరిగినదాన్ని వేగవంతమైన సంస్కరణ అనడానికి నేను వెనకాడతాను. 1992 జనవరి 2న ధరలను వదిలిన మాట వాస్తవం. అదే ఏడాది వేసవి నుంచి కేంద్ర బ్యాంకు పరిశ్రమలకు అప్పులు ఇస్తూనే పోయింది. ధరలకు పగ్గాలు తీసి, డబ్బుకు పగ్గాలు వేయకపోతే ఏమవుతుందో అదే అయింది, ఆ ఏడాది ద్రవ్యోల్బణం సుమారు 2500 శాతం. 1995లో నోరిల్స్క్ నికెల్ అనే లోహాల సంస్థ, యూకోస్ అనే చమురు సంస్థ వంటి వాటి వాటాలను తాకట్టు పేరుతో కొద్దిమంది బ్యాంకర్లకు అప్పగించిన పద్ధతిలో మార్కెట్ అన్నదే లేదు.

ఇక నెమ్మదిగా నడిచినవారి ఖర్చు ఎవరు భరించారో చూడాలి. బెలారస్‌కు రష్యా తక్కువ ధరకు చమురు, గ్యాస్ ఇచ్చింది. ఆ చమురును మొజిర్, నొవొపొలొత్స్క్ శుద్ధి కర్మాగారాల్లో శుద్ధి చేసి యూరప్‌కు మంచి ధరకు అమ్మి, ఆ లాభంతో మిన్స్క్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలనూ జీతాలనూ నిలబెట్టారు. ఉజ్బెకిస్థాన్‌కు పత్తి, బంగారం, సొంత గ్యాస్ ఉన్నాయి. ప్రభుత్వం రైతు దగ్గర పత్తిని తాను పెట్టిన ధరకే కొని, ప్రపంచ మార్కెట్లో డాలర్లకు అమ్ముకొంది. ఏటా పత్తితీతల కాలంలో విద్యార్థులను, టీచర్లను, ఆస్పత్రి సిబ్బందిని చేలకు తరలించేవారు. పత్తి రైతుల కష్టం తెలిసిన వరంగల్ ప్రాంతం మీది కాబట్టి, పంట ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో, అసలు ఏ పంట వేయాలో కూడా రైతు చేతిలో లేకపోవడం ఎంత బరువో మీకు వేరే చెప్పనక్కర లేదు. ఆ వ్యవస్థలో బలవంతపు చాకిరీ అంతమైందని అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రకటించింది 2022లో మాత్రమే.

డాలర్ రేటు విషయమూ అంతే. అధికారిక రేటు ఒకటి, బజారు రేటు మరొకటి. 2016లో అప్పటి ఉజ్బెకిస్థాన్ అధ్యక్షుడు కరీమొవ్ మరణించాక అధ్యక్షుడైన మిర్జియోయెవ్, 2017 సెప్టెంబరులో ఈ తేడాను తొలగించడానికి పూనుకున్నప్పుడు అధికారిక రేటు డాలరుకు 4200 సోముల నుంచి 8100 సోములకు ఒక్కరోజులో మారింది. అంతకాలం పాత రేటుకు డాలర్లు దక్కించుకోగల పలుకుబడి ఉన్నవాళ్లు ఏ ఉత్పత్తీ చేయకుండా సగానికి సగం లాభం తిన్నారని దీని అర్థం. ఈ మధ్య లక్షల మంది ఉజ్బెకులు కూలి పనికి రష్యా వెళ్లారు. ఉక్రెయిన్‌లో అప్పు, లైసెన్సు చేసిన పనిని ఇక్కడ మారకపు రేటు చేసింది. మీ పరిశోధనకు పనికివస్తుందంటే ఒక మాట: 1990ల జీడీపీ పతనాలను పోల్చేటప్పుడు ఆధార సంవత్సరాన్ని అనుమానంతో చూడండి. 1990 లెక్కల్లో ఎవరూ కొనని సరుకు, యుద్ధ ట్యాంకులు కూడా ఉత్పత్తి కిందే ఉన్నాయి.

ప్రశ్న: మా అమ్మాయి బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. పక్కనే ఉన్న కజకిస్థాన్ బాగా సంపన్నమని, కిర్గిజ్‌స్థాన్ పేదదని ఫోన్లో చెబుతుంటుంది. రెండూ ఒకే రకం దేశాలు కదా, ఇంత తేడా ఎందుకు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: తేడా మీ అమ్మాయి చెప్పినంతా ఉంది. 2023లో కజకిస్థాన్ తలసరి ఆదాయం సుమారు 13 వేల డాలర్లు, కిర్గిజ్‌స్థాన్‌ది 2 వేల ప్రాంతంలో. ఇక్కడ విధానాల కంటే భూగర్భం ఎక్కువ మాట్లాడింది. కజకిస్థాన్ 1993లో తెంగిజ్ చమురు క్షేత్రం అభివృద్ధికి అమెరికా చమురు సంస్థ షెవ్రాన్‌తో ఒప్పందం చేసుకుంది, 2001లో నల్ల సముద్రతీరం వరకు గొట్టపు మార్గం పూర్తయింది, ఆ తర్వాత చమురు ధరలు పెరిగాయి. ప్రపంచ యురేనియంలో దాదాపు 40 శాతం కూడా అక్కడిదే. అయితే ఆ సంపద అందరికీ అందలేదు. 2022 జనవరి అల్లర్లు మొదలైంది చమురు ప్రాంతమైన జనావోజెన్‌లోనే, వాహనాలకు వాడే గ్యాస్ ధర పెంచినందుకు.

కిర్గిజ్‌స్థాన్ నిజానికి సంస్కరణల్లో మధ్య ఆసియాకంతటికీ ముందుంది. 1993లోనే సొంత నాణెం తెచ్చింది, మాజీ సోవియట్ దేశాల్లో మొదట 1998లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. కానీ సోవియట్ సైన్యానికి సరుకు చేసిన ఫ్యాక్టరీలకు ఆర్డర్లు ఆగిపోయాయి, కొండల మధ్య దేశానికి సముద్రం చాలా దూరం. కుమ్‌తోర్ అనే ఒక్క బంగారు గని మీద దేశం ఎంత ఆధారపడిందంటే, 2002లో ఆ గనిలో ఒక గోడ కూలి ఉత్పత్తి తగ్గితే ఆ ఏడాది దేశ ఆర్థిక వృద్ధే ఆగిపోయింది. మిగతాది బిష్కెక్‌లోని దొర్దోయ్ బజారులో చైనా సరుకు వ్యాపారం, రష్యాలో పనిచేసే కొడుకులూ కూతుళ్లూ ఇంటికి పంపే డబ్బు. మీ అమ్మాయి లాంటి విదేశీ విద్యార్థులు కట్టే ఫీజులు కూడా ఇప్పుడు ఆ నగరానికి ముఖ్యమైన రాబడే.

అందువల్ల అక్కడి ఖర్చులు తెలుసుకోవాలంటే కిర్గిజ్ సోముతో పాటు రష్యన్ రూబుల్‌ను కూడా గమనిస్తూ ఉండండి. 2014 చివర్లో రూబుల్ పడిపోగానే రష్యా నుంచి వచ్చే సొమ్ము తరిగింది. 2022లో యుద్ధం మొదలై, సైనిక సమీకరణ ప్రకటించాక రష్యన్లు పెద్ద సంఖ్యలో బిష్కెక్ వచ్చేసరికి అద్దెలు బాగా పెరిగాయి. ఫీజు డాలర్లలో ఉంటే దాన్ని రూపాయి విలువతో సరిచూసుకోవాలి, అద్దె, భోజనం ఖర్చు మాత్రం మాస్కో పరిస్థితులను బట్టి మారుతుంది. రెండిటికీ విడివిడిగా డబ్బు కేటాయించుకోవడం మంచిది.