జర్మనీకి వస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ: ఓటీటీల గురించి ముందే చెప్పాల్సిన మాటలు

అక్టోబర్‌లో వింటర్ సెమిస్టర్‌కి వచ్చేవాళ్లు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "అన్నా, అక్కడ మన సినిమాలు వస్తాయా? ఇక్కడే ఏడాదికి సరిపడా సబ్‌స్క్రిప్షన్లు కట్టేసి రమ్మంటారా?" అడగడంలో తప్పేం లేదు. 2017లో నేను చదువుకి జర్మనీలోని కెమ్నిట్జ్ ఊళ్లో దిగినప్పుడు మొదటి పది రోజులూ తెలుగు మాట చెవిలో పడితే గానీ నిద్ర పట్టేది కాదు.

ముందు డబ్బు సంగతి. ఏడాది ప్లాన్ కట్టి రాకండి. నెట్‌ఫ్లిక్స్ ఇండియా లాగిన్ ఇక్కడా పనిచేస్తుంది కానీ కనిపించేది జర్మనీ వాళ్లకు చూపించే జాబితా, అక్కడున్న సినిమా ఇక్కడ ఉండాలని లేదు. ఇండియాలో కట్టిన ప్లాన్‌తో బయటి దేశంలో తెరుచుకోని యాప్‌లూ ఉన్నాయి. ఇండియా కార్డుతో ఇక్కడి నుంచి కడదామంటే ఓటీపీ ఇండియా నంబర్‌కి వస్తుంది, రీఛార్జ్ చెయ్యక ఆ సిమ్ ఆగిపోయిందంటే సినిమా మాట అటుంచి బ్యాంకు పనులన్నీ ఆగిపోతాయి, కాబట్టి ఆ సిమ్‌ని మాత్రం బతికించుకోండి. ఇక్కడ ఖాతా తెరిచాక, చూడాలనుకున్న సినిమా ఎందులో ఉందో కనుక్కుని ఒక్క నెలకి కట్టండి, చూశాక ఆపేయండి. ఆపడం ఇక్కడ తేలిక. ఆన్‌లైన్‌లో ఇలాంటి నెలవారీ ప్లాన్లు అమ్మేవాళ్లు వెబ్‌సైట్‌లోనే రద్దు బటన్ పెట్టాలని 2022 జులై 1 నుంచి చట్టం ఉంది. పేజీ అడుగున "ఫెర్ట్రేగే హీర్ క్యుండిగెన్" (ఒప్పందాలు ఇక్కడ రద్దు చేసుకోండి) అని ఉంటుంది, అదే వెతకండి.

ఇప్పుడు అసలు భయపడాల్సింది. టోరెంట్. అంటే సినిమాల్ని ఒకరి కంప్యూటరు నుంచి ఒకరు ఊరికే దింపుకునే పద్ధతి. ఇండియాలో హాస్టల్లో అలవాటైన చెయ్యి ఇక్కడ వైఫై పెట్టించుకున్న రోజే అటు పోతుంది. దయచేసి పోనివ్వకండి. టోరెంట్‌లో మీరు సినిమా దింపుకుంటున్నంతసేపూ, దిగిన ముక్కల్ని మీ కంప్యూటరు పక్కవాళ్లకు పంపిస్తూనే ఉంటుంది. అంటే చట్టం లెక్కలో మీరు ఆ సినిమాని పంచుతున్నట్టు. సినిమా హక్కులున్నవాళ్ల తరఫున పనిచేసే సంస్థలు మీ ఐపీ అడ్రసు, అంటే మీ ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు, రాసుకుంటాయి, కోర్టు అనుమతితో ఇంటర్నెట్ కంపెనీ నుంచి పేరూ ఇంటి అడ్రసూ తెప్పించుకుంటాయి, ఆ తర్వాత లాయర్ల దగ్గర్నుంచి ఇంటికి ఉత్తరం వస్తుంది. దాన్ని అబ్మానుంగ్ అంటారు, అంటే హెచ్చరిక నోటీసు.

మా ఫ్లాట్‌లో ముగ్గురం ఉండేవాళ్లం, ఇంటర్నెట్ నా పేరు మీద. రూమ్మేట్ ఏదో ఇంగ్లిష్ సినిమా ఒకటి దింపాడు, మేము ఆ సంగతి మర్చిపోయాం కూడా. ఒక సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చి కింద పోస్టు డబ్బా తెరిస్తే మందపాటి కవరు. లోపల బోలెడు పేజీలు, అంతా జర్మన్. నాకు అర్థమైనవి నా పేరు, సినిమా పేరు, ఏ తేదీన ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు దింపామన్నది, చివర్లో అడిగిన మొత్తం. ఎనిమిది వందల యూరోల పైన. అప్పట్లో నా బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంతే తీసుకునే ఖాతా) నుంచి నెలకు వచ్చేది 720. ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు, ముగ్గురం ఫోన్ కెమెరాతో ఒక్కో పేజీ ట్రాన్స్‌లేట్ చేసుకుంటూ తెల్లారేదాకా కూర్చున్నాం. ఇంట్లో చెప్పలేదు. నాన్న అప్పటికే లోన్ టెన్షన్‌లో ఉన్నారు.

అలాంటి ఉత్తరం వస్తే చించి పారేయకండి, అందులో ఉన్న గడువు దాటనివ్వకండి. "ఇక ముందు చెయ్యను" అని సంతకం పెట్టమని ఒక కాగితం జత చేస్తారు, దాన్ని ఉన్నదున్నట్టు సంతకం పెట్టి పంపకండి, అది ఏళ్లతరబడి మెడకు చుట్టుకుంటుంది. ఫెర్‌బ్రౌహర్‌సెంట్రాలే అని వినియోగదారుల సలహా కేంద్రాలుంటాయి, చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా కూడా ఉంటుంది, ముందు అక్కడికి పరిగెత్తండి. మేము అలా వెళ్లబట్టే మొత్తం కొంత తగ్గింది, వాయిదాల్లో కట్టాం. టోరెంట్ అనే పేరు ఎక్కడా కనబడని యాప్‌లతో ఇంకా జాగ్రత్త. నొక్కగానే సినిమా మొదలవుతుంది, మామూలు ఓటీటీలాగే ఉంటుంది, లోపల నడిచేది మాత్రం టోరెంటే.

ఇంకో ఉత్తరం కూడా వస్తుంది, అది చూసి మోసమనుకుని చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. ఆన్‌మెల్డుంగ్, అంటే ఊళ్లో అడ్రసు నమోదు, అయిన కొన్ని వారాలకు వచ్చే రుండ్‌ఫుంక్‌బైట్రాగ్. ఏఆర్‌డీ, జడ్‌డీఎఫ్ లాంటి ప్రజా ప్రసార టీవీ, రేడియో సంస్థల కోసం ఇంటికి నెలకు 18.36 యూరోలు, మూడు నెలలకోసారి 55.08. టీవీ ఉందా లేదా అని అడగరు. కాకపోతే ఇంటికి ఒక్కటే, మనిషికి కాదు, కాబట్టి ఫ్లాట్‌లో ఒకరు కడుతుంటే మిగతావాళ్లు ఆ కట్టేవాళ్ల బైట్రాగ్ నంబరు రాసి పంపితే సరిపోతుంది. పట్టించుకోకపోతే బాకీ పెరిగిపోతుంది.

ఎలాగూ కడుతున్నారు, ఇక దాన్ని పూర్తిగా వాడుకోండి, నేను ఇంత రాస్తున్నది దీని కోసమే. ఏఆర్‌డీ, జడ్‌డీఎఫ్ వాళ్ల మీడియాటెక్ అనే ఓటీటీ లాంటి యాప్‌లు విడిగా పైసా కట్టకుండా చూడొచ్చు. రాత్రి ఎనిమిదింటికి టాగెస్‌షౌ వార్తలు, పదిహేను నిమిషాలే. తేలిక భాషలో చదివే టాగెస్‌షౌ కూడా 2024 జూన్ నుంచి వస్తోంది. సబ్‌టైటిల్స్ జర్మన్‌లోనే పెట్టుకోండి, ఇంగ్లిష్ పెడితే కన్ను చదువుకుంటూ పోతుంది, చెవి పడుకుంటుంది. ఆదివారం రాత్రి 8:15కి టాటోర్ట్ వస్తుంది, 1970 నుంచి నడుస్తున్న పోలీసు సిరీస్, మొదట్లో సగం అర్థం కాదు, అయినా చూడండి, సోమవారం ఆఫీసు కాఫీ దగ్గర మీరు కూడా ఒక మాట అనొచ్చు. అక్షరాలతో మొదలుపెట్టేవాళ్లకి జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెలె వాళ్ల నికోస్ వేగ్ అనే భాషా పాఠం ఉంది, ఏ1 అనే మొదటి స్థాయి నుంచి బీ1 అనే మధ్యస్థాయి దాకా కథగా నడుస్తుంది, ఉచితం.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మా ఫ్లాట్ వంటగది నాకు ఇంకా కళ్లముందే ఉంది. పప్పన్నం పళ్లెం, ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోన్, అందులో తెలుగు సినిమా, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు. కింది అంతస్తు జర్మన్ అబ్బాయి వాళ్ల పొయ్యి పాడైందని కొన్నాళ్లు మా వంటగదికి వచ్చేవాడు, "గూటెన్ అపెటీట్" (హాయిగా తినండి) అని ఏదో మాట కలపబోయేవాడు, నేను తలూపి మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయేవాణ్ణి. రెండేళ్లు అలా గడిచాయి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇక్కడ 18 నెలల వీసా ఇస్తారు, అందులో మొదటి తొమ్మిది నెలలు నాకు భాష నేర్చుకోవడానికే పోయాయి. ఇంటర్వ్యూల్లో నా పనికి వంక పెట్టినవాళ్లు లేరు, జర్మన్ దగ్గరే ఆగిపోయేది.

తెలుగు మానెయ్యమని కాదు. దానికో వేళ పెట్టుకోండి. ఇండియాలో అర్ధరాత్రి పన్నెండుకి ఓటీటీలో పడే సినిమా వేసవిలో మనకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకే వచ్చేస్తుంది, ఐపీఎల్ సాయంత్రం మ్యాచ్ నాలుగింటికే మొదలవుతుంది, నిద్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. నేను ఒంటరిగా చూడ్డం తగ్గించేశాను. ఆదివారం, అమ్మ వంటపని ముగించుకునే వేళకి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరం ఒకేసారి ప్లే నొక్కుతాం. తన దగ్గర రెండు సెకన్లు ముందు నడుస్తుంది, అందుకే నవ్వు నాకు సీన్ కంటే ముందే వినబడుతుంది.