సముద్రం అడుగు మ్యాపులు చదివే పనికి మా అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం. సముద్రం అడుగు మ్యాపులు చూసి ఏ జీవులు ఎక్కడుంటాయో అంచనా వేసే పని నేర్చుకుంటానంటోంది. ఉద్యోగం వస్తుందా? ఓడల్లో తిరగాలేమోనని వాళ్లమ్మకు ఒకటే టెన్షన్.

జవాబు: ముందు ఆ పనేమిటో వినండి. ఓడ అడుగున అమర్చిన మల్టీబీమ్ సోనార్ శబ్దాన్ని విసనకర్రలా పరిచి కిందికి పంపుతుంది. నీటిలో సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోయే ఆ శబ్దం నేలను తాకి తిరిగొస్తుంది. పట్టిన సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. తిరిగొచ్చిన శబ్దం బలాన్ని బట్టి అక్కడ రాయో బురదో అంచనా కడతారు.

లోతు నీటి పగడాలకు అంటుకోవడానికి గట్టి నేల, తిండి మోసుకొచ్చే ప్రవాహం కావాలి. అందుకే అవి గట్ల మీద, నిటారు వాలుల మీద ఎక్కువ. బురద పేరుకున్న చదునులో ఉండే జీవులు వేరు. నేల వాలు, గరుకుతనం లెక్కగట్టి, జీవులు ఇదివరకు దొరికిన చోట్లతో పోల్చి, ఇంకెక్కడ ఉండొచ్చో కంప్యూటర్ మోడల్ చెబుతుంది. తర్వాత కెమెరా దింపి చూడాల్సిందే. అంచనా తప్పితే ఎందుకు తప్పిందో చెప్పడానికి జీవుల సంగతి తెలిసిన మనిషి కావాలి. జువాలజీ చదివిన మీ అమ్మాయికి అదే పెద్ద బలం.

ఉద్యోగాల విషయం దాచను. ఈ పనికే ప్రత్యేకించిన శాశ్వత పోస్టులు తక్కువ, మొదట్లో ప్రాజెక్టు పోస్టులే. విశాఖలోనే ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం ఉంది, చెన్నైలో ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ), కొచ్చిలో సీఎంఎల్‌ఆర్‌ఈ (సముద్ర జీవవనరుల పరిశోధన కేంద్రం) ఉన్నాయి. భారత భూగర్భ సర్వే సంస్థ జీఎస్‌ఐలో జియాలజిస్టు పోస్టుకు మాత్రం జువాలజీ చెల్లదు. మ్యాపింగ్ బాగా వస్తే సర్వే, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు గీసి విశ్లేషించే పద్ధతి) కంపెనీల్లోనూ పని దొరుకుతుంది. కాబట్టి పీజీ మెరైన్ బయాలజీలో చేయించి, పక్కనే జీఐఎస్, స్టాటిస్టిక్స్ నేర్పించండి.

ఈ సెలవుల్లోనే ఒక పరీక్ష పెట్టండి. సముద్రం అడుగు మ్యాపులు తయారుచేసే అంతర్జాతీయ బృందం జెబ్‌కో వారి సముద్ర లోతుల గ్రిడ్ (గడి గడికీ లోతు చెప్పే డేటా), మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితం. మన తీరానికి ఎదురుగా సముద్రంలో లోయలున్నాయి. 1950లలో ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త లఫాండ్ వాటి గురించి రాశారు. వాటిలో ఒకదానికి ఏయూ జియాలజీ ప్రొఫెసర్ మహదేవన్ గారి పేరే ఉంది. ఆ భాగానికి వాలు మ్యాపు గీయమనండి. గ్రిడ్‌లో ఒక్కో గడి సుమారు 450 మీటర్లు కాబట్టి లోయ అంచులు మొద్దుగా వస్తాయి. అది చూసి ఇంకా వివరమైన డేటా కోసం తనే వెతకడం మొదలుపెడితే, ఇక ఆపకండి.

వాళ్లమ్మగారికి చెప్పండి: ఓడ మీద గడిపేది కొన్ని వారాలే, అదీ అవకాశం వస్తేనే. మిగతా పనంతా కంప్యూటర్ ముందే.