పికప్ నమూనాకు ఫోర్‌వీల్ డ్రైవ్ అమర్చబోతున్న రాఘవకు

దేవరకొండ

చిరంజీవి రాఘవకు పెద్దనాయన ఆశీర్వదించి రాయునది.

నీ దగ్గరున్న 1/24 స్కేలు (అసలు బండిలో ఇరవై నాలుగో వంతు) పికప్ కిట్టు వెనుక చక్రాలతో మాత్రమే నడిచే బండిదని, దాన్ని ఫోర్‌వీల్ డ్రైవ్ బండిగా మార్చాలనుకుంటున్నానని, ఇప్పటికే పెద్ద టైర్లు తెప్పించుకున్నానని రాశావు. ఆ టైర్లను కొన్నాళ్ళు డబ్బాలోనే ఉంచమని నా మొదటి మాట. బండి ఎత్తును టైర్లు నిర్ణయించవు. ఇంజను శక్తి ముందు చక్రాలకు ఏ దారిన చేరుతుందో, ఆ దారికి ఛాసిస్ కింద ఎంత చోటు కావాలో, అదే ఎత్తును నిర్ణయిస్తుంది. టైర్లతో పని మొదలుపెట్టినవాళ్ళు బాడీని పైకి లేపి, మడ్‌గార్డులు కోసి, చివరకు కింద ఏమీ లేని బండిని తయారు చేస్తారు. తిప్పి చూస్తే అది పాత బండే. ఏళ్ళ తరబడి జీపుల కింద పడుకుని పనిచేసినవాణ్ని కనుక, నమూనాను చేతికివ్వగానే ముందు దాని అడుగు భాగం చూస్తాను. నువ్వు కూడా అక్కణ్నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

కత్తి పట్టకముందు నీ కిట్టు ఏ కంపెనీ, ఏ సంవత్సరం బండికి నమూనాయో నిర్ధారించుకో. షెవర్లే పికప్‌లలో పూర్వం టూవీల్ డ్రైవ్ బండికి సీ అని, ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి కే అని పేరు ముందు అక్షరం ఉండేది. 1973 నుంచి 1986 వరకు వచ్చిన కే పికప్‌లకు ముందు కూడా కమాన్ కట్టల (పట్టీలు పేర్చి చేసిన స్ప్రింగుల) మీద నిలిచిన నిండు ఇరుసే, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసే ఉంది. టయోటా హైలక్స్‌కు ఫోర్‌వీల్ డ్రైవ్ 1979లో వచ్చింది, దానికీ మొదట ముందు నిండు ఇరుసే. 1980ల నడుమ నుంచి కొన్ని దేశాలకు పోయిన బండ్లలో దాన్ని తీసేసి, టార్షన్ బార్లతో (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలతో) రెండు చక్రాలూ విడివిడిగా కదిలే ఏర్పాటు పెట్టారు. ఇప్పుడు మన రోడ్ల మీద కనిపించే ఇసుజు వీ-క్రాస్ కూడా ముందు చక్రాలు విడివిడిగా కదిలేదే. మొదటిసారి చేసేవాడికి నిండు ఇరుసు బండి మేలు, ఎందుకంటే దాని భాగాలన్నీ కంటికి కనిపిస్తాయి, కొలతలు సులువుగా అందుతాయి. చూసి నేర్చుకోవడానికి మెకానిక్ షెడ్డుకు పోతే, అక్కడున్న జీపు ముందు ఇరుసుకు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ తిప్పుడును పంచే గేర్ల గుండు) ఉన్నదా లేదా అని ముందు చూసుకో. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో జనాన్ని చేరవేసిన పాత జీపుల్లో చాలావాటికి ముందు చక్రాలకు డ్రైవ్ లేదు. అలాంటి దాని కింద పడుకుని ఫోటోలు తీసుకుంటే నీకు పనికిరావు.

అసలు పని ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర మొదలవుతుంది. అది గేర్‌బాక్సు వెనుక కూర్చుని, వచ్చిన తిప్పుడును వెనుక షాఫ్టుకూ ముందు షాఫ్టుకూ పంచి ఇస్తుంది. ముందుకు పోయే షాఫ్టు ఇంజనుకూ గేర్‌బాక్సుకూ కింద మధ్యలో పోలేదు కనుక, ట్రాన్స్‌ఫర్ కేసు దాన్ని కొంత కిందికి, ఒక పక్కకు జరిపి బయటికి తీస్తుంది. ముందు ఇరుసు మీద డిఫరెన్షియల్ కూడా అదే పక్కన ఉండాలి. ఈ ఒక్క విషయాన్ని పట్టించుకోక ఎన్నో మంచి నమూనాలు చెడిపోయాయి: వేరే కిట్టులోని ఇరుసు ఎడమ వైపుది, మరో కిట్టులోని ట్రాన్స్‌ఫర్ కేసు కుడి వైపుది తెచ్చి కలిపితే, షాఫ్టు ఆయిల్ సంపును (ఇంజను కింది నూనె తొట్టిని) చీల్చుకుని అడ్డంగా పోవలసి వస్తుంది. నేను పైన చెప్పిన షెవర్లే కే బండ్లకూ, నిండు ఇరుసు కాలపు తొలి హైలక్స్‌కూ డిఫరెన్షియల్ కుడి వైపున ఉంటుంది. 1980ల ఫోర్డ్ ఎఫ్ శ్రేణి పికప్‌లకు ఎడమ వైపున ఉంటుంది. నీ బండి ఏ వైపుదో తేల్చుకున్న తర్వాతే విడిభాగాలు వెతుకు. పొగ గొట్టం కూడా ఆ పక్కనే పోతుంటే దాన్ని రెండో పక్కకు మళ్ళించవలసి రావచ్చు, అది కూడా ఇప్పుడే చూసుకో.

ట్రాన్స్‌ఫర్ కేసు చేరగానే వెనుక షాఫ్టుకు ఉన్న చోటు తగ్గుతుంది. కిట్టులో వచ్చిన వెనుక షాఫ్టును కేసు పొడవు మేరకు కోసి పొట్టి చేయాలి. దాన్ని అలాగే ఉంచి కేసును ఒక పక్కన అంటించేయడం కంటితుడుపు పని.

ఇక ఛాసిస్. టూవీల్ డ్రైవ్ కిట్లలో ముందు క్రాస్ మెంబరు (పట్టాలను కలిపే అడ్డం), విష్‌బోన్లు (చక్రాలను పట్టి ఉంచే చేతులు) చాలాసార్లు ఛాసిస్‌తో కలిసి ఒకే అచ్చులో వస్తాయి. వాటిని సన్నపళ్ళ రంపంతో మెల్లగా కోసి, ఛాసిస్ రెండు పట్టాల లోపలి ముఖాలను ఆకురాయితో చదును చేయాలి. అయితే కోయకముందే ఒక మందపాటి గాజు పలక మీద ఛాసిస్‌ను బోర్లించి, రెండు పక్కలా ప్లాస్టిక్ ముక్కలతో ఒత్తి నిలబెట్టు, ఎందుకంటే అడ్డం పోయిన వెంటనే పట్టాలు విచ్చుకుంటాయి, లేదా మెలిపడతాయి. తర్వాత ఆయిల్ సంపు ముందు, గేర్‌బాక్సు కింద రెండు కొత్త అడ్డాలు పెట్టి, అవి పూర్తిగా గట్టిపడ్డాకే ఊతలు తీయాలి. దీనికి ఒక రాత్రి పూర్తిగా వదిలేయి.

కమాన్ కట్టల విషయంలో కొలత నీకు అనుకూలంగా ఉంది. పావు మిల్లీమీటరు మందం, రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పట్టీని 24తో హెచ్చించి చూడు: ఆరు మిల్లీమీటర్ల మందం, అరవై మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది, అది నిజమైన పికప్ కమాన్ పట్టీకి చాలా దగ్గర. అలాంటి పట్టీలు ఒకదాని కన్నా ఒకటి పొట్టిగా నాలుగైదు కోసి, వంపు ఉన్న ఒక చెక్క అచ్చు మీద బిగించి, పొరల మధ్య పల్చటి జిగురు పారించి ఆరనిస్తే, అచ్చు తీశాక కూడా వంపు నిలుస్తుంది. రెండు కట్టలనూ ఒకే అచ్చు మీద చేయాలి. ముందు భాగంలో కావలసిన ఎత్తును ఈ వంపుతోనే తేవాలి. వెనుక ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మె పెట్టి లేపడం నిజం బండ్లలో ఉన్నదే, కానీ ముందు ఇరుసు మీద దిమ్మెలు పెడితే బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలితిరుగుతుంది కనుక తెలిసిన మెకానిక్ ఎవరూ ఆ పని చేయరు. నమూనాలో కూడా చేయవద్దు. తొలి హైలక్స్‌కు ముందు కట్టల షాకిళ్ళు (కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకులు) ముందు కొసనే ఉంటాయి. నీది ఆ బండి అయితే ఇది గుర్తుపెట్టుకో.

ముందు ఇరుసు ఏదైనా ఫోర్‌వీల్ డ్రైవ్ కిట్టు నుంచి దొరికితే మంచిదే. దొరకకపోతే నీ కిట్టులోని ప్లాస్టిక్ చట్రం, అంటే భాగాలను పట్టి ఉంచే ఆ కాడ, మూడు మిల్లీమీటర్ల వరకు లావున్నది ఎంచి ఇరుసు గొట్టంగా వాడుకో. నిజం ఇరుసు గొట్టం డెబ్బై అయిదు మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి లెక్క సరిపోతుంది. మధ్యలో ఇత్తడి తీగ పోనిస్తే బరువుకు వంగదు. డిఫరెన్షియల్ గుండ్రటి భాగాన్ని ఆయిల్ సంపు పక్కన నిలిపి, దానికీ సంపుకూ నడుమ కనీసం మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచు. గుంతలో పడినప్పుడు ఇరుసు పైకి లేవడానికి నిజం బండిలో ఉండే చోటు అదే, ఆ చోటు కోసమే బండి అంత ఎత్తున నిలబడుతుంది. నువ్వు వెతుకుతున్న ఎత్తు ఇక్కడ దానంతట అదే వస్తుంది.

షాఫ్టుకు రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన లావున్న కడ్డీ చాలు. రెండు కొసలా క్రాస్‌లు (షాఫ్టు వంగినా తిరగనిచ్చే కీళ్ళు), మధ్యలో పొడవు పెరిగి తగ్గడానికి జారే భాగం చూపించాలి. మామూలు క్రాస్‌లున్న షాఫ్టులో ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజీ (షాఫ్టును బిగించే ముఖం), డిఫరెన్షియల్ ఫ్లాంజీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, రెండు కొసల యోకులూ (క్రాస్‌ను పట్టే పంగలూ) ఒకే వరసలో ఉండాలి. లేకపోతే నిజం బండిలో షాఫ్టు వణుకుతుంది, నమూనాలో తెలిసినవాడి కన్ను అక్కడే ఆగుతుంది. వాడిన బాల్‌పెన్ను రీఫిల్లును షాఫ్టుగా వాడదామని నీకు తోచవచ్చు. ఇత్తడి రీఫిల్లయితే పనికొస్తుంది. మామూలు తెల్ల రీఫిల్లు పాలీప్రొపిలిన్‌తో చేసింది కనుక దానికి మామూలు జిగురేదీ పట్టదు. పాత ఏటీఎం కార్డు ముప్పావు మిల్లీమీటరు మందంతో అడ్డాలకు బాగుంటుంది గానీ అది పీవీసీ. కిట్టు పాలీస్టైరీన్‌కు వాడే పల్చటి జిగురుతో కాకుండా సూపర్ గ్లూతో అంటించు. ఆ సూపర్ గ్లూ ఆవిరి అద్దాల మీద తెల్లటి మసక తెస్తుంది కనుక క్యాబిన్ అద్దాలు పెట్టకముందే ఈ పనులన్నీ అయిపోవాలి.

ఇప్పుడు టైర్లు బయటికి తీయి. టైరు మీద 235/75 ఆర్15 అని ఉందనుకో: రిమ్ము 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు, పక్క గోడ 235 మిల్లీమీటర్ల వెడల్పులో 75 శాతం, రెండు వైపులా కలిపి 352, మొత్తం 733. దాన్ని 24తో భాగిస్తే ముప్పై మిల్లీమీటర్ల పైచిలుకు. నీ టైర్ల ఎత్తు ముప్పై అయిదు మిల్లీమీటర్లు దాటితే అవి నేను పైన చెప్పిన పాత పికప్‌లకు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి కావు, వాటిని వేరే బండికి దాచుకో. ముందు చక్రాలను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, మడ్‌గార్డుకు తగిలిన చోట మాత్రమే లోపలి అంచును గీకు. బయటి అంచు గీత చెడితే బండి ముఖం మారిపోతుంది. అన్నీ కుదిరాక గాజు పలక మీద నిలబెట్టి, నాలుగు చక్రాల కిందా పల్చటి కాగితం దూర్చి చూడాలి. ఏ ఒక్క చక్రం కింద కాగితం వదులుగా జారినా ఇరుసు వంకర ఉన్నట్లే. అది రంగు వేయకముందే సరిచేయాలి.

చిన్న వివరాలు రెండున్నాయి. క్యాబిన్‌లో గేరు రాడ్డు పక్కన ట్రాన్స్‌ఫర్ కేసు రాడ్డు కూడా ఉండాలి. పాత బండ్లలో ఒక్కో ముందు చక్రం మధ్యలో చేత్తో తిప్పి బిగించే హబ్బులు బయటికి పొడుచుకుని ఉండేవి, వాటిని చిన్న కడ్డీ ముక్కలతో చేయవచ్చు. మన వైపు ఎండాకాలంలో మధ్యాహ్నం స్ప్రే చేస్తే రంగు బండిని చేరకముందే గాలిలో ఆరి గరుకుగా పడుతుంది. తెల్లవారుజామున వేయి, ఆరబెట్టడానికి ఎండలో పెట్టకు, ప్లాస్టిక్ వంకర పోతుంది. దుమ్ము చూపాలనుకుంటే ఎక్కడి బండో ముందే నిర్ణయించు. అమ్రాబాద్ వైపు ఎర్ర చెల్కలో తిరిగిన బండికి ఎర్రటి పొడి సన్నగా అంతటా పడుతుంది, అలంపురం వైపు రేగడిలో దిగిన బండికి నల్ల మట్టి ఇరుసుకూ మడ్‌గార్డు లోపలా ముద్దలుగా పట్టి ఉంటుంది. రెండూ ఒకే బండి మీద కలపకు.

రంపం పెట్టకముందు నాకు నాలుగు సంగతులు రాసి పంపు: కిట్టు పెట్టె మీద ఉన్న బండి పేరూ సంవత్సరమూ, ఛాసిస్ పట్టాల మధ్య వెడల్పు, ఆయిల్ సంపు ముందు కొస నుంచి గేర్‌బాక్సు వెనుక కొస వరకు పొడవు, పొగ గొట్టం ఏ పక్కన పోతున్నదో. అవి చూసి ట్రాన్స్‌ఫర్ కేసు ఎక్కడ కూర్చోవాలో గీసి పంపుతాను.

ఇట్లు,
మీ పెద్దనాయన