క్రిస్మస్ చెట్టును అలంకరిస్తుంటే కృతజ్ఞతా భావం నిజంగా కలుగుతుందా?

ప్రశ్న అడిగినవారు తమ ఇబ్బందిని దాచుకోకుండా చెప్పారు. ప్రతి డిసెంబరులోనూ ఇంట్లో చెట్టు పెడుతున్నారు. దానిని అలంకరించే సాయంత్రమైనా ఆ ఏడాది పొందిన మేళ్లను తలుచుకుంటూ ప్రశాంతంగా గడపాలని అనుకుంటున్నారు. తీరా కూర్చున్నాక చిక్కుపడిన లైట్లు విడదీయడంతో, నక్షత్రం ఎవరు పెట్టాలన్న పిల్లల తగవు తీర్చడంతో పొద్దుపోతోంది తప్ప మనసులో ఏ కృతజ్ఞతా కలగడం లేదు. దీనికి ఏదైనా పద్ధతి ఉందా అని అడిగారు.

ఉంది. భావం దానంతట అదే కలుగుతుందని ఎదురుచూడకుండా, చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువు గురించీ ఇది మన ఇంటికి ఎవరి వల్ల వచ్చిందని అడగాలి. కృతజ్ఞత ఎప్పుడూ ఒక మనిషి పేరుతోనే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. ఆరోగ్యానికీ, కుటుంబానికీ, అన్నిటికీ వందనాలని ఒక్క వాక్యంలో ముగించే ప్రార్థన తప్పని నేను అనను. అయితే అలా చెబుతున్నప్పుడు కళ్ల ముందుకు ఎవరూ రారు, ఏదీ రాదు. దేవుడు చేసిన ఉపకారాలలో దేనినీ మరువవద్దని చెప్పిన బైబిల్లోని 103వ కీర్తన కూడా అంతటితో ఊరుకోకుండా, ఆ వెంటనే దోషాల క్షమాపణ, రోగాల స్వస్థత, ప్రాణ విమోచన అంటూ ఒక్కొక్క మేలునూ విడివిడిగా ఎత్తి చెబుతుంది. చెట్టు దగ్గర మనం చేయవలసిందీ ఆ పనే.

మా అమ్మ దీనిని ఒక నియమంగా పెట్టింది. పెట్టెలోంచి తీసిన వస్తువును కొమ్మకు తగిలించే ముందు అది ఎప్పుడు, ఎలా, ఎవరి చేతుల మీదుగా మన దగ్గరకు చేరిందో ఇంట్లో ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేదాకా అది బల్ల మీదే ఉండాలి. చిన్నప్పుడు ఈ నియమం నాకు విసుగు పుట్టించేది. పెళ్లయి, నాకూ ఒక పాప పుట్టి, అమ్మానాన్నలు పండుగకు మా ఇంటికి రావడం మొదలయ్యాక, దాని విలువ ఒక చెక్క పిట్ట మూలంగా తెలిసింది.

ఆ పిట్ట బొటనవేలంత ఉంటుంది. ఒకప్పుడు ఎర్రరంగు వేసి ఉండేదని రెక్క కింది మడతలో మిగిలిన చారను బట్టి ఊహించుకోవాలి, మిగతా ఒళ్లంతా చేతుల తాకిడికి నునుపెక్కి వట్టి చెక్క రంగుకు తిరిగింది. తోక ఎప్పుడో విరిగితే అతికించారు. ఆ అతుకు దగ్గర జిగురు పొంగి, పసుపు పచ్చని బొట్టులా గట్టిపడి ఉంది. తగిలించడానికి అసలు ఉన్న కొక్కెం పోయి, దాని స్థానంలో వంచిన తలపిన్ను చేరింది. మా పాప దానిని పైకి తీసి, "అమ్మమ్మా, ఇదెవరిచ్చారు?" అని అడిగింది. అమ్మ చెప్పబోయి ఆగిపోయింది. ఆ ఖాళీలో మా ఆయన, "అది మనం కొన్నదే అయ్యుంటుంది అత్తయ్యా" అన్నారు. "కొన్నదైతే తోక విరిగిన రోజే పారేసేవాళ్లం బాబూ, ఇంత ఓపికగా అతికించుకుంటామా?" అని అమ్మ కొట్టిపారేసింది. ఆ మాటకు ఎవరి దగ్గరా సమాధానం లేదు.

కాసేపటికి అమ్మ తేల్చి చెప్పింది: అది మేము పూర్వం అద్దెకున్న ఇంటి యజమానురాలు ఇచ్చిందట. నాన్నకు ఉద్యోగం పోయిన ఏడాది ఆవిడ నెలల తరబడి అద్దె అడగలేదని నాకు ఎప్పుడో చూచాయగా తెలుసు. అడగకపోవడమే కాదు, నెల మొదటి వారం వచ్చిందంటే ఆవిడ మెట్ల మీద మాకు ఎదురుపడకుండా జాగ్రత్తపడేవారని, మేము దిగి వచ్చే వేళకు తన తలుపు దగ్గరగా వేసుకునేవారని, మొహం చెల్లక మేము తలదించుకోవలసి వస్తుందని అలా చేసేవారని అమ్మ ఆ సాయంత్రమే మొదటిసారి చెప్పింది. అద్దె వదిలేసేవారు లోకంలో ఇంకా ఎవరైనా ఉండవచ్చు గానీ, బాకీపడ్డ మనిషి సిగ్గుపడకుండా తానే తప్పుకుని నడిచేవారిని నేను మరొకరిని ఎరుగను.

నాన్న మాత్రం ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో ఆ పిట్ట తనతో పనిచేసిన ఒక మిత్రుడు భోజన విరామంలో చిన్న కత్తితో చెక్కి, నేను పుట్టినప్పుడు తెచ్చి ఇచ్చింది. ఆ మిత్రుడి సంగతి మొదలయ్యాక అసలు విషయం బయటపడింది. నేను పసిబిడ్డగా జ్వరంతో మంచం పట్టిన రోజుల్లో నాన్న చేయవలసిన రాత్రి డ్యూటీలన్నీ ఆయనే తన మీద వేసుకుని, తెల్లవారాక మళ్లీ తన పనికి కూడా వెళ్లేవారట. ఇంత జరిగినట్టు అమ్మకు కూడా తెలియదు. "నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నారు నాన్న, అదేదో పెద్ద విషయం కానట్టు.

ఈ వాదం తీర్చడానికి మా పిన్నికి ఫోన్ చేస్తే ఆవిడ మూడో పేరు చెప్పింది. వాక్యాలు కంఠస్థం చేసి అప్పజెప్పినందుకు సండేస్కూల్ టీచర్ నాకు బహుమతిగా ఇచ్చారట. అమ్మకు ఒంట్లో బాగాలేని రోజుల్లో ఆవిడే నడిచి వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవారట. అమ్మ ఒకటంటే నాన్న ఒకటన్నారు, ఫోనులోంచి పిన్ని ఇద్దరినీ కాదంది. చెట్టుకు ఒక పక్క కొమ్మలన్నీ ఆ రాత్రి బోసిగానే ఉండిపోయాయి. మా పాప ఒక కాగితం ముక్క మీద మూడు పేర్లూ తప్పుల తడకగా రాసి, దానితో పాటే పిట్టను తగిలించింది. మర్నాడు నాన్న ఆ మిత్రుడి నంబరు వెతికి పట్టుకుని మాట్లాడారు. తానెప్పుడూ పిట్టలు చెక్కలేదని, చెక్కినవన్నీ పడవలేనని ఆయన నవ్వారట. అయినా ఆ రాత్రి డ్యూటీల మాట నాన్న ఎత్తారు, ఇన్నేళ్లకు థాంక్స్ చెప్పారు. పిట్ట ఎవరిదో నేటికీ తేలలేదు. తేలవలసిన అవసరం కూడా లేదని నా అభిప్రాయం, ఎందుకంటే తేలకపోవడం వల్లనే ముగ్గురు మనుషులు మా జ్ఞాపకంలోకి తిరిగి వచ్చారు.

ఇంతకీ ప్రశ్న అడిగినవారి చెట్టు మీద ఉన్నవేమిటో నాకు తెలియదు. చాలా ఇళ్లలో ఇప్పుడు చెట్టంతా ఒకే రంగులో, ఒకే పరిమాణంలో, ఒకే పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ గోళాలు ఉంటున్నాయి. ఈ ఏడాది వెండి, వచ్చే ఏడాది నీలం అని మార్చుకుంటున్నారు. చూడటానికి అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అచ్చుగుద్దినట్టున్న గోళాలలో ఏ ఒక్కదానిని చేతిలోకి తీసుకున్నా చెప్పడానికి కథేమీ ఉండదు. 1605లో, ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఇళ్లలో పెట్టిన చెట్లను చూసి ఒకరు రాసుకున్న వర్ణనలో రంగు కాగితంతో చేసిన గులాబీలు, ఆపిల్ పళ్లు కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో జర్మనీలోని లౌషా ఊరివారు గాజు గోళాలు చేయడం మొదలుపెట్టినప్పుడు కూడా ఒక్కొక్కటీ నోటితో ఊది చేసేవారు, ఇంటిల్లిపాదీ కూర్చుని వాటికి వెండిపూత పూసి రంగులద్దేవారు. అలాంటి వస్తువుల వెనుక ఎప్పుడూ ఒకరి చెయ్యి ఉంటుంది. చెట్టు పూర్తికాకముందే ఫోటో తీసి పదిమందికీ పంపాలన్న ఆత్రం ఈ ఒకే రంగు గోళాల మోజుకు తోడైంది. అందులోనూ, వంకరగా కత్తిరించిన పిల్లల నక్షత్రం ఫోటోలో పడకూడదని దానిని వెనక్కి తిప్పి తగిలించేవారిని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

చెట్టుకూ కృతజ్ఞతకూ సంబంధం మా అమ్మ కల్పించింది కాదు. రెండో ప్రపంచయుద్ధంలో తమకు అండగా నిలిచినందుకు నార్వే రాజధాని ఓస్లో నగరం 1947 నుంచి ఏటా లండన్‌కు ఒక పెద్ద స్ప్రూస్ చెట్టును పంపుతోంది; అది ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబడుతుంది. జర్మనీ 1940లో నార్వేను ఆక్రమించినప్పుడు ఆ దేశపు రాజు, ప్రభుత్వం తలదాచుకున్నది లండన్‌లోనే. కెనడాలోని హాలిఫాక్స్ రేవులో 1917 డిసెంబరు 6న పేలుడు పదార్థాలు నింపుకున్న మోంట్ బ్లాంక్ అనే ఓడ మరో ఓడను ఢీకొని పేలిపోయి ఊరిలో పెద్ద భాగం నేలమట్టమైనప్పుడు, ఆ రాత్రే బోస్టన్ నుంచి వైద్యులతో, సామగ్రితో ఒక రైలు బయలుదేరింది. ఆ మరుసటి ఏడాది హాలిఫాక్స్ వారు బోస్టన్‌కు చెట్టును పంపారు. 1971 నుంచి హాలిఫాక్స్ ఉన్న నోవా స్కోషియా రాష్ట్రం నుంచి ఏటా చెట్టు వెళుతోంది. సహాయం అందుకున్నవారు, చేసినవారు దాదాపు అందరూ గతించారు, చెట్టు మాత్రం వెళుతూనే ఉంది. ఈ రెండు చోట్లా థాంక్స్ ఫలానా ఊరికి, ఫలానా మేలుకు అని స్పష్టంగా ఉండబట్టే ఇంతకాలం నిలిచిందని నాకు అనిపిస్తుంది.

శాస్త్రం మాట అడిగేవారికి ఒక సంగతి చెబుతాను. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు విద్యార్థులు వారానికొకసారి తాము కృతజ్ఞులుగా ఉన్న విషయాలను ఐదింటి వరకు రాశారు, మరికొందరు తమను చికాకు పెట్టిన విషయాలను రాశారు. మొదటి జట్టు తమ జీవితం గురించి మరింత సంతృప్తిగా ఉన్నట్టు తేలింది. వారు చేసినదల్లా గుర్తుచేసుకుని ఒక్కొక్కటిగా రాయడమే. అమ్మ నియమం సరైనదని నాకు దీనికంటే ఎక్కువ రుజువు అక్కర్లేదు.

లైట్ల చిక్కు విషయానికి వస్తే, అది కృతజ్ఞతకు అడ్డమని ప్రశ్నలో రాశారు గనుక చెబుతున్నాను: ఆ పనిని పెద్దలు ముందురోజు రాత్రే ముగించుకోవాలి. సీరియల్ లైట్లను చెట్టుకు చుట్టకముందే నేల మీద పరిచి వెలిగించి చూడాలి. పాత రకం చిన్న బల్బులలో ఫిలమెంట్ కాలిపోయినా కరెంటు దాటిపోవడానికి లోపల ఒక సన్నని తీగ ఉంటుంది గనుక, ఒక బల్బు మాడినంత మాత్రాన వరుసంతా ఆరిపోకూడదు. ఆరిపోయిందంటే ఎక్కువసార్లు ఏదో ఒక బల్బు తన గూటిలో వదులై ఉంటుంది. ప్లగ్గు తీసి ఒక్కొక్కదానిని నొక్కుతూ పోతే దొరుకుతుంది. 1882లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ న్యూయార్క్‌లోని తన ఇంట్లో 80 విద్యుత్ బల్బులు అమర్చి చెట్టును వెలిగించాడు. ఆయన కాలంలో ఒక్కొక్క బల్బుకూ చేత్తో తీగ కలపవలసి వచ్చింది. మనం పెట్టెలోంచి తీసి ప్లగ్గు పెట్టుకుంటున్నాం, అయినా విసుక్కుంటున్నాం. లైట్లను కాండం దగ్గర మొదలుపెట్టి కొమ్మ చివరి వరకు తెచ్చి మళ్లీ లోపలికి తీసుకెళితే చెట్టు లోపలి భాగం కూడా వెలుగుతుంది. బరువైనవి కాండానికి దగ్గరగా, గాజువి పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టుకోవాలి. ఇంతకు మించి ఈ విషయంలో తెలుసుకోవలసింది లేదు. మర్నాడు అందరూ కూర్చునే వేళకు వస్తువులు, వాటి కథలు మాత్రమే మిగిలి ఉండాలి.

మా ఇంట్లో అన్నీ కొన్నవే, ఎవరూ ఏమీ ఇవ్వలేదు కదా అని మీరు అడగవచ్చు. అప్పుడు ఆ ఏడాది మీకు మేలు చేసిన ఒక్క మనిషిని ఎంచుకుని, ఆ పేరు, చేసిన మేలు ఒక చీటీ మీద రాసి, దారం కట్టి వేలాడదీయండి. పిల్లలు రాసే పేర్లు మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తాయి. మా పాప ఒకసారి స్కూల్ బస్సు దిగేటప్పుడు తన సంచీ అందించే ఆయా పేరు రాసింది, ఆవిడ పేరు మాలో పెద్దలెవరికీ తెలియదు. చీటీలో "అందరికీ" అని రాయనివ్వకండి, అక్కడ కాస్త కఠినంగానే ఉండాలి. జనవరి 6న చెట్టు తీసేటప్పుడు మేము ప్రతి వస్తువునూ దాని చీటీతో పాటు కాగితంలో చుట్టి పెట్టెలో పెడతాం, కాబట్టి వచ్చే ఏడాది ఎవరిచ్చారన్న తగాదా ఉండదు. చీటీలో పేరున్న మనిషికి ఫోన్ చేయడమో, వెళ్లి కలవడమో మాత్రం ఆ తేదీలోపే జరిగిపోవాలి, ఎందుకంటే పెట్టె అటక మీదికి ఎక్కాక ఆ పని మళ్లీ డిసెంబరు దాకా ఎవరికీ గుర్తుండదు.